నవాసాగరం నుంచి నత్రజని

బి.ఎస్‌సి. రెండో ఏడాదిలో, విశాఖపట్నంలోని మా కళాశాల ప్రయోగశాలలో స్వచ్ఛమైన నత్రజని తయారుచేయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మొదటి రోజు సీసా దగ్గరే ఆగిపోయాను. సోడియం నైట్రైట్ తేమను పీల్చుకుంటుంది. మా సముద్రపు గాలికి సీసాలో రాయిలా గడ్డకట్టింది. మేడమ్ కొత్త సీసా తెప్పించారు. రెండో పదార్థం అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవాళ్లు వాడే నవాసాగరం అదే. రెండింటినీ నీళ్లలో కరిగించి వేడిచేస్తే అమ్మోనియం నైట్రైట్ ఏర్పడుతూనే నత్రజనిగా, నీరుగా విడిపోతుంది. అమ్మోనియం నైట్రైట్‌ను నేరుగా వేడిచేస్తే పేలవచ్చు, అందుకే ఈ దారి.

రెండో రోజు బుడగలు చూసిన సంబరంలో మంట తీయడం మరిచాను. ఈ చర్య తనంతట తానే వేడిని పుట్టిస్తుంది. నురుగు కుప్పె మెడ దాటి గొట్టంలోకి ఎక్కేసింది. అంతా కడిగి మళ్లీ మొదలుపెట్టాను.

మూడో రోజు బుడగలు రాగానే దీపం పక్కకు జరిపాను. నీటి మీద నింపిన మొదటి జాడీలో పుల్ల వెలుగుతూనే ఉంది. నా ముఖం చూసి మేడమ్ అన్నారు: "అది కుప్పెలో ముందే ఉన్న గాలి, అమ్మా. రెండు జాడీలు వదిలెయ్యి." మూడో జాడీలో పుల్ల ముంచగానే ఆరిపోయింది.

అయినా అది స్వచ్ఛం కాదు. నైట్రిక్ ఆక్సైడ్, నైట్రిక్ ఆమ్లపు ఆవిరి కొద్దిగా కలిసే వస్తాయి. అందుకని వాయువును పొటాషియం డైక్రోమేట్ కలిపిన సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం గుండా పంపాను. ఒక్కో బుడగ ఆ నారింజరంగు ద్రావణంలోంచి పైకి లేస్తుంటే లెక్కపెడుతూ నిలబడ్డాను.

ఇంత శ్రమ ఎందుకు, గాలిలోంచి ఆక్సిజన్ తీసేస్తే మిగిలేది నత్రజనే కదా అని అడిగాను. మేడమ్ బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ కొలతలు బోర్డు మీద రాశారు. గాలి నుంచి తీసిన నత్రజని లీటరుకు 1.2572 గ్రాములు, రసాయనాల నుంచి తీసినది 1.2505. ఆ కాస్త తేడా వెంట పడినందుకే, గాలిలోని నత్రజనితో కలిసి దాగున్న బరువైన వాయువు ఆర్గాన్ 1894లో బయటపడింది. ఆ రెండు అంకెలు నా నోటుపుస్తకం అట్ట లోపల ఇప్పటికీ ఉన్నాయి.

చివరి జాడీలో వెలుగుతున్న మెగ్నీషియం రిబ్బను దించాను. పుల్లను ఆర్పిన వాయువులోనే అది మండింది. మెగ్నీషియం నత్రజనితో కలిసి అడుగున మిగిల్చిన పొడి మీద నీటి చుక్కలు వేసి, తడిపిన ఎర్ర లిట్మస్ కాగితం పైన పట్టాను. ఘాటైన అమ్మోనియా వాసన ముక్కుకు తగిలింది. కాగితం అంచు నుంచి నీలమవుతూ వచ్చింది.