బరంపురం పాత వీధుల్లో ఇంటిమీద ఇల్లు కట్టుకోవడం గురించి

మా తమ్ముడికి పెళ్లి కుదిరిన నెలలోనే మేము మేడమీద ఇంకొక అంతస్తు వేయడానికి నక్షా గీయించి అనుమతికి పెట్టుకున్నాము. ఇంటికి రెండు పక్కలా మూడేసి అడుగుల ఖాళీ చూపలేదన్న అభ్యంతరంతో అది తిరిగి వచ్చింది. మా స్థలం వెడల్పు 14 అడుగులు, పొడవు 88 అడుగులు. చెప్పినట్టే వదిలితే మిగిలేది 8 అడుగులు. గోడల మందం పోగా గదికి దక్కేది ఆరున్నర. అందులో మంచం అడ్డంగా వేస్తే మనిషి దాటిపోయే దారి ఉండదు. అసలు కుడివైపు గోడ మాకూ పక్కింటి మాస్టారికీ ఉమ్మడి, ఎడమవైపు గోడ మాకూ పెదనాన్నగారి పిల్లలకూ ఉమ్మడి. లేని సందును ఎక్కడినుంచి తెచ్చి వదలాలో నక్షా గీసిన ఇంజనీరుకూ తోచలేదు.

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పాత వీధులు ఎరిగినవారికి ఈ ఇళ్ల గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరకముందు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులనుంచీ మా వీధి ఇలాగే ఉంది: వీధివైపు అరుగు, ఆ వెనుక గది, దాని వెనుక పైకప్పు లేని ముంగిలి, ఆపైన వంటిల్లు, చివర నుయ్యీ పెరడూ. ఇంటికి వెలుగు పక్కలనుంచి రాదు, నడిమి ముంగిలిలోంచి దిగుతుంది. మా నాయనమ్మ పొద్దున పదిన్నరకు అక్కడ చాప పరచి మిరపకాయలు ఎండబోసేది, ఎండ గోడవైపు జరిగేకొద్దీ చాపను కూడా జరుపుకుంటూ పోయేది. వేసవి మధ్యాహ్నం వీధి తలుపు తీసిపెడితే గాలి అరుగు మీదనుంచి పెరటిదాకా సాగిపోతుంది. పక్కన ఖాళీ వదలమనడం వెనుక ఉన్న ఉద్దేశం వెలుతురూ గాలీ అయితే, ఆ రెండింటికీ మా పెద్దలు వేరే చోట స్థలం వదిలిపెట్టారు.

ఇది నిబంధనలు రాసేవారికి తెలియని సంగతి కాదు. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి (నేషనల్ బిల్డింగ్ కోడ్) వరుస ఇళ్లను నిర్వచిస్తూ, ముందూ వెనుకా లోపలా మాత్రమే ఖాళీ ఉండే ఇళ్లని చెబుతుంది. మా వీధిని చూసి రాశారా అనిపించే మాట అది. ఒడిశాలో 1982 నాటి అభివృద్ధి సంస్థల చట్టం కింద 2020లో వచ్చిన ప్రణాళిక, భవన ప్రమాణాల నియమాలు రాష్ట్రంలోని నగరాలకు ఒకే కొలత తెచ్చాయి. అందువల్ల మేలు జరగలేదని నేను అనను. అయితే కొత్త లేఅవుటులోని నలుచదరపు స్థలానికి సరిపోయే కొలతను తాతల కాలం నాటి పొడవాటి స్థలానికి పెట్టినప్పుడు, ఆ స్థలంమీద సక్రమంగా కట్టుకునే దారి మూసుకుపోతుంది.

ఆ తరువాత జరిగేదే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది. కొందరు అనుమతి లేకుండానే కట్టుకుంటారు. ఆమోదించిన నక్షా లేదు గనుక బ్యాంకు అప్పు పుట్టదు, వడ్డీవ్యాపారి దగ్గరకు వెళతారు, డబ్బు చాలక పాత సున్నపు గోడల మీదే శ్లాబు వేయిస్తారు. తక్కినవారు ఊరి బయట పొలాల్లో స్థలం కొంటారు. పట్టాలో ఆ నేల కిసం, అంటే రకం, ఇంకా శారద, అంటే వరిపొలం. దాన్ని ఘరబారిగా, అంటే ఇంటి స్థలంగా, మార్చుకోవాలంటే ఒడిశా 1960 భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టి, రుసుము కట్టి, తహసీల్దారు కచేరీ చుట్టూ తిరగాలి. మా మేనత్త కొడుకు అలాగే వెళ్లి ఇల్లు కట్టుకున్నాడు. వానాకాలంలో వీధినీళ్లు పోవడానికి కాలువ లేదు, పిల్లలను బడికి దింపడానికి రోజూ పాత ఊరికే రావాలి. వరి పండే నేల పోయింది. నీళ్లూ కరెంటూ బడీ అన్నీ ఉన్న వీధిలో మాత్రం ఇళ్లమీద కట్టుకోగల చోటు ఖాళీగా ఉంది.

నియమాలు సడలిస్తే ఊరు పాడైపోతుందన్న భయం నిజమైనదే గాని, చేసి చూసినవారు ఉన్నారు. తెలంగాణలో 2020నాటి టీఎస్-బీపాస్ అనే భవన అనుమతుల విధానం 75 చదరపు గజాల లోపు స్థలానికి అనుమతే అక్కర్లేదని, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలునని చెప్పింది. 600 గజాల వరకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇచ్చింది. అమెరికాలోని హ్యూస్టన్ నగరం 1998లో నగరం నడిబొడ్డున ఇంటి స్థలం కనీస విస్తీర్ణాన్ని 5,000 చదరపు అడుగులనుంచి 1,400కు తగ్గించగా, అక్కడ ఇరుకు స్థలాల్లో వేల ఇళ్లు లేచాయి.

మా వీధి విషయంలో నేను కోరేది అంతకంటే చిన్నది. గోడ కలిసిన వీధులను వీధుల లెక్కన సర్వే చేసి, వరుస ఇళ్ల వీధులుగా పటంలో గుర్తించి, అక్కడ పక్క ఖాళీని తీసివేయాలి; దానికి బదులు నడిమి ముంగిలిని పైదాకా తెరిచి ఉంచడం తప్పనిసరి చేయాలి. పైఅంతస్తు బరువు ఉమ్మడి గోడ మీద పడకుండా స్థలం లోపలే పిల్లర్లు లేపాలి, అందుకు ఇంజనీరు సంతకం ఉండాలి. ఇందులో బేరం ఉండకూడదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పెంకులు ఎలా లేచిపోయాయో కళ్లారా చూశాను గనుక, బలం లేని కట్టడానికి అనుమతి ఇమ్మని ఎవరినీ అడగను. అగ్నిమాపక శకటం మా సందులోకి తిరగదన్న మాట కూడా నిజమే. అందుకే అంతస్తుల సంఖ్యకు హద్దు పెట్టి, వీధి మొదట్లో మంటలార్పడానికి నీటి కొళాయి ఏర్పాటు చేయాలన్నది నా మనవి.

ఈ ఆదివారం మా అరుగుమీద పద్దెనిమిది ఇళ్లవారు కూర్చుని అర్జీ మీద సంతకాలు చేశారు. మాస్టారు ఉమ్మడి గోడకు తమ అభ్యంతరం లేదని వేరే కాగితం రాసి ఇచ్చారు. ఇంజనీరు నక్షా మళ్లీ గీశాడు: గోడలనుంచి జరిపి లోపల ఎనిమిది పిల్లర్లు, నడుమ ఏడడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న ముంగిలి, దానిమీద ఏ అంతస్తులోనూ కప్పు లేదు. అర్జీతోపాటు దాన్ని సోమవారం ఇస్తున్నాము.