చౌరస్తాలో ఎవరి విగ్రహం?

అమెరికాలోని రిచ్‌మండ్‌లో ఉండే మా తమ్ముడికీ నాకూ ఫోన్లో ఒకటే వాదన. అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వం కొనసాగాలని విడిపోయిన దక్షిణ రాష్ట్రాల సైన్యాన్ని నడిపిన జనరల్ లీ విగ్రహాన్ని అక్కడ 2021లో తీసేశారు. "ఆ సైనికుల్లో చాలామంది పేద రైతులే కదన్నా" అంటాడు. నిజమే, బలవంతంగా చేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల సమాధుల మీద వారసులు పూలు పెడితే నేనెందుకు కాదంటాను? కానీ లీ విగ్రహం పెట్టింది 1890లో, యుద్ధం ముగిసిన పాతికేళ్లకు! బానిసత్వమే తమ ప్రభుత్వానికి పునాది అని ఆ దక్షిణ రాష్ట్రాల ఉపాధ్యక్షుడు స్టీఫెన్స్ 1861లోనే సభలో చెప్పాడు.

మనం వెట్టి చేసిన తాతల మనవలం. 1946లో అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు. వాళ్లలోనూ పొట్టకూటికి వచ్చినవాళ్లు ఉండొచ్చు. అందుకని వాళ్లకు మన చౌరస్తాలో విగ్రహం పెడితే ఊరుకుంటావా అని అడిగాను. "అది వేరన్నా" అన్నాడు. ఎట్ల వేరో ఇంకా చెప్పలేదు. మ్యూజియంలో, పక్కన బానిసల కథ కూడా రాసి పెడితే నాకేం అభ్యంతరం లేదు.