తినకపోయినా పొద్దున్నే పెరిగే షుగర్: నా అనుభవం

రాత్రి రెండు పుల్కాలు తిని పడుకున్నా, పొద్దున్నే వేలు గుచ్చి చూస్తే 168. నెలల తరబడి అదే వరస. నేను చాటుగా ఏదో తింటున్నానని ఇంట్లో వాళ్ల అనుమానం. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు లెక్కలు చూస్తాను. సీజన్‌లో మిర్చి బస్తాలు (టిక్కీలు) దిగుతుంటే భోజనానికి వేళాపాళా ఉండదు, అందువల్లేనేమో అనుకున్నాను. మాత్ర డోసు పెంచారు. నాలుగు రోజులు తగ్గి మళ్లీ మామూలే.

అంతకు రెండేళ్ల ముందు, కిడ్నీలో రాళ్లేమోనని పొట్ట స్కానింగ్ తీయించుకున్నాను. రిపోర్టు చివరి వరసలో "గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్" అని ఉంది. అడిగితే "ఇది చాలామందికి ఉండేదేనండీ" అన్నారు. ఆ మాట నమ్మి కాగితాన్ని ఫైల్లో పెట్టేశాను. పోయిన ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

కొత్తపేటలో చూపించుకున్న డాక్టరమ్మ షుగర్ రిపోర్టుల కన్నా ముందు ఆ కాగితమే చేతిలోకి తీసుకున్నారు. "మీరు తినకపోయినా లివర్ రాత్రంతా చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతుందండీ. ఇక చాలు, ఆపు అని చెప్పాల్సింది ఇన్సులిన్. కొవ్వు పట్టిన లివర్‌కి ఆ మాట వినపడదు" అన్నారు. అన్నేళ్లలో ఎవరూ నాకిలా విడమరిచి చెప్పలేదు. పొట్టలోని కొవ్వు కరిగి లివర్‌కి చేరుతుందట. పట్టనంత చేరాక లోపల వాపు మొదలవుతుంది. ఆ వాపులో పుట్టే రసాయనాలు ఇన్సులిన్‌ని ఇంకా పనిచేయనివ్వవు. దాంతో ఒళ్లు ఇన్సులిన్‌ని మరింత వదులుతుంది, అది లివర్‌లో మళ్లీ కొవ్వునే పెంచుతుంది.

"గ్రేడ్ కొవ్వు సంగతే చెబుతుంది, లివర్ గట్టిపడి మచ్చ పడిందో లేదో చెప్పదు" అంటూ ఆవిడ పాత రక్తపరీక్షలతోనే ఒక లెక్క వేశారు. ఇంటికొచ్చి నేనూ వేసి చూసుకున్నాను. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అంటే రక్తపరీక్షలో కొలిచే లివర్ ఎంజైములు. వయసు 52ని ఎస్‌జీఓటీ 48తో గుణిస్తే 2496. ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, అంటే 210 వేలు. ఎస్‌జీపీటీ 64, దాని వర్గమూలం 8. 210ని 8తో గుణిస్తే 1680. 2496ని 1680తో భాగిస్తే 1.49. 1.3 దాటితే, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. నాలుగంకెలూ రెండేళ్లుగా నా ఫైల్లోనే ఉన్నాయి.

మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లాను. వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల కిందికి పెట్టమని, పక్కటెముకల మధ్య పరికరం ఆనించారు. వేలితో మీటినట్టు పది దెబ్బలు, అంతే. 8.4 వచ్చింది. 8 లోపు ఉంటే భయం తక్కువట.

బంధువుల మాటలే ఎక్కువ బాధపెట్టాయి. లివర్ అనగానే "ఎప్పట్నుంచి తాగుతున్నావు?" అనడిగారు. నేను మందు ముట్టనివాణ్ణి. 2023లో వైద్యులు ఈ జబ్బు పేరులోంచి ఆల్కహాల్ ప్రస్తావనే తీసేశారని డాక్టరమ్మ చెబితే నా కళ్లు చెమర్చాయి.

బరువు నూటికి ఏడు తగ్గితే వాపు దిగుతుంది, పది తగ్గితే మచ్చ కూడా వెనక్కి తగ్గే అవకాశం ఉందన్నారు. నా 82 కిలోల్లో ఏడు శాతమంటే దాదాపు ఆరు కిలోలు. మందుల్లో ఒకటి మార్చారు. యార్డులో రోజుకి ఐదుసార్లు తాగే చక్కెర టీ మానేశాను. అన్నం ఒక కప్పుకి దించి, పక్కన పప్పూ కూరా పెంచింది మా ఆవిడ. ఆవకాయ మాత్రం మానలేదు, మానమని ఎవరూ అనలేదు కూడా. తెల్లారకముందే ఎన్టీఆర్ స్టేడియంలో నలభై ఐదు నిమిషాల నడక. మొదటి నెలంతా కాటా కదల్లేదు. ఆ నెల చాలా కష్టంగా గడిచింది.

ఏడాదికి 75 కిలోలకి వచ్చాను. ఎస్‌జీపీటీ 33, ఫైబ్రోస్కాన్ 6.9, పొద్దుటి షుగర్ 114.

మొన్న మా తమ్ముడి పాత స్కాన్ కాగితం అడిగి తీయించాను. చివరి వరసలో అదే మాట. సోమవారం వాణ్ణి రక్తపరీక్షలకి తీసుకెళ్తున్నాను.