ఆస్ట్రేలియా అయస్కాంత గ్రిడ్‌తో పటం గీయడం: నా అనుభవం

ఆస్ట్రేలియా అయస్కాంత గ్రిడ్ అంటే నేలలోని రాళ్ల వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే తేడాలను గళ్లుగా పేర్చిన పటం. దాన్ని తెరపై తెరవగానే ఖండమంతా ఒకే చేత్తో కొలిచినట్టు కనిపిస్తుంది. నిజానికి అది వందలాది విమాన సర్వేలను కలిపి కుట్టిన బొంత. ఆ దేశపు ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ జియోసైన్స్ ఆస్ట్రేలియా 2019లో ఇచ్చిన ఏడో కూర్పులో సెల్ (ఒక గడి) 3 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను డిగ్రీలో 3,600వ వంతు), అంటే దాదాపు 80 మీటర్లు. అంతటా 80 మీటర్ల వివరం ఉందని మాత్రం కాదు. విమానం ఎగిరిన లైన్ల మధ్య దూరంలో నాలుగో వంతో ఐదో వంతో సెల్‌గా పెట్టుకోవడం రివాజు. ఆ లెక్కన 80 మీటర్ల సెల్ 400 మీటర్ల లైన్లకు సరిపోతుంది. లైన్లు కిలోమీటరున్నర దూరంలో ఉన్న పాత సర్వేల చోట మధ్యలో ఉన్నదంతా గణితం పూడ్చినదే. అక్కడ సన్నటి డైక్ (పగులులో గట్టిపడిన శిలాద్రవపు గోడ) ఒకటి పూసల దండలా తెగితెగి కనిపిస్తుంది. పూసలు భూమిలో లేవు, లైన్లు దాన్ని దాటిన చోట్లవి. అందుకే గ్రిడ్ కంటే ముందు సర్వేల సరిహద్దుల ఫైలు దించుకుంటాను, లైన్ల దూరాన్ని బట్టి దానికి రంగులు వేసుకుంటాను.

ఈఆర్ మ్యాపర్ అనే సాఫ్ట్‌వేర్ రూపంలో దించుకుంటే రెండు ఫైళ్లు వస్తాయి: .ఈఆర్‌ఎస్ అనే చిన్న అక్షరాల ఫైలు, అదే పేరుతో పొడిగింపు లేని పెద్ద ఫైలు. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, పేరు మార్చకూడదు. డేటా లేని చోట విలువ -99999. సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియకపోతే, సెల్ పరిమాణం మార్చేటప్పుడు అది పక్క విలువలతో కలిసి తీరం వెంబడి లేని లోయలు పుట్టిస్తుంది.

పరిమాణం చిన్నది కాదు. తూర్పు పడమరలు 43 డిగ్రీలు, ఉత్తర దక్షిణాలు 35 డిగ్రీలు అనుకుంటే 51,600 × 42,000 సెల్లు, అంటే దాదాపు 217 కోట్లు. ఒక్కోదానికి 4 బైట్లు వేసుకున్నా 8.7 జీబీ. ఫూరియర్ పద్ధతి ఫిల్టర్లకు, అంటే గ్రిడ్‌ను తరంగాలుగా విడదీసి మార్చే లెక్కలకు, దానికి నాలుగింతల మెమరీ కావాలి. నేను 500 కిలోమీటర్ల పలకలుగా, పక్కదానిపైకి 100 కిలోమీటర్లు ఒరిగేలా కోస్తాను.

ఎక్కువ మంది తడబడేది ప్రొజెక్షన్ దగ్గర, అంటే గుండ్రటి భూమిని చదునైన పటంలోకి మార్చే చోట. డిగ్రీల గ్రిడ్‌లో సెల్ చతురస్రం కాదు. ఉత్తర దక్షిణంగా అంతటా దాదాపు 92 మీటర్లే, తూర్పు పడమరగా 12 డిగ్రీల అక్షాంశం దగ్గర 91, టాస్మానియాలో 69. ఫిల్టర్లకు మీటర్లు కావాలి కాబట్టి ముందే లాంబర్ట్ కన్‌ఫార్మల్ కోనిక్ అనే ప్రొజెక్షన్‌లోకి (దాని కోడు ఈపీఎస్‌జీ 3112) మారుస్తాను. ప్రామాణిక అక్షాంశాలు 18, 36 దక్షిణం, మధ్య రేఖాంశం 134. కోణాలు చెడవు కాబట్టి వైశాల్యాన్ని కాపాడే ఆల్బర్స్ ప్రొజెక్షన్ కంటే ఇదే మేలు.

ఇక్కడే ఒక గోతి ఉంది. మధ్య రేఖాంశానికి దూరమయ్యేకొద్దీ గ్రిడ్ ఉత్తరం (పటంలో నిలువు దిశ), నిజమైన ఉత్తరం విడిపోతాయి. రేఖాంశాల తేడాను 0.456తో గుణిస్తే ఆ కోణం వస్తుంది. సిడ్నీ 151 దగ్గర ఉంది కాబట్టి 17 × 0.456, అంటే దాదాపు 7.8 డిగ్రీలు. అక్కడి అయస్కాంత దిక్పాతం (నిజమైన ఉత్తరం నుంచి దిక్సూచి ముల్లు పక్కకు తిరిగే కోణం) తూర్పుకు సుమారు 12½. నిజమైన ఉత్తరం గ్రిడ్ ఉత్తరానికి తూర్పుగానే ఒరుగుతుంది కనుక రెండూ కలపాలి, ధ్రువానికి మార్చే ఫిల్టర్‌కు (అయస్కాంత తేడాలను వాటి రాళ్లకు నేరుగా పైకి తెచ్చేది) 20 ఇవ్వాలి. 12½ ఇస్తే ధ్రువానికి మార్చిన అసంగతులు (ఆ తేడాలు) వాటి రాళ్ల మీద నుంచి పక్కకు జరుగుతాయి, ఎందుకో అంతుబట్టదు.

ఆ ఫిల్టర్‌కు అవసరమైన అవపాతం, అంటే అయస్కాంత క్షేత్రం నేలకు చేసే కోణం, కూడా అంతటా ఒకటి కాదు. డార్విన్ దగ్గర సుమారు -40, టాస్మానియాలో -70 దాటుతుంది. ఖండానికంతటికీ ఒకే విలువ పెట్టడం తప్పు. పలక పలకకూ దాని నడిమి విలువ వేసి, ఒరిగిన అంచుల్లో క్రమంగా కలపాలి.

పొడవైన తరంగాలను, అంటే చాలా దూరం మేర నెమ్మదిగా సాగే మార్పులను, నమ్మవచ్చా అంటే, నమ్మవచ్చు. విడివిడి సర్వేలు ఒక్కోటీ ఒక్కో ఆధార మట్టంతో (సున్నాగా తీసుకున్న విలువతో) ఉండేవి. 2007లో ఖండమంతా ఉత్తర దక్షిణంగా 75 కిలోమీటర్లకొక లైను చొప్పున, నేలకు 80 మీటర్ల ఎత్తున ఎగిరిన సర్వేయే వాటన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చింది. ఈ ఖండపు పనిలో నాకు బాగా నచ్చినది అదే.

గురుత్వాకర్షణ తేడాలు చూపే గురుత్వ గ్రిడ్‌ను దీని పక్కన పెట్టేటప్పుడు ప్రమాణం చూడండి. అది గురుత్వానికి మామూలుగా వాడే మిల్లీగాల్‌లో కాదు, సెకను వర్గానికి మైక్రోమీటర్లలో ఉంటుంది, కాబట్టి మిల్లీగాల్ కావాలంటే 10తో భాగించాలి. చాలా భాగం 11 కిలోమీటర్లకొక కొలత కేంద్రమే కాబట్టి, అక్కడ 22 కిలోమీటర్ల కంటే పొట్టి తరంగాలకు అర్థం వెతకకూడదు.

చివరిగా, గీసిన ప్రతి భ్రంశ రేఖ (రాళ్లు విరిగి జరిగిన చోటు) మీద సర్వేల సరిహద్దులు పరుస్తాను. రేఖ సరిహద్దు వెంటే తిన్నగా సాగితే అది సర్వేల అతుకే కావచ్చు కాబట్టి చెరిపేసి, దాటుకుని అవతలికి సాగితేనే ఉంచుతాను.