తిప్పాక వదలొద్దు: చిత్ చేసే పట్టు

పాతబస్తీ తాలీముల్లో, అంటే కుస్తీ నేర్పే అఖాడాల్లో, మట్టి మీద నేర్చుకున్న పిల్లలు మ్యాట్ మీదికొచ్చినప్పుడు ఒక అలవాటు వెంట తెచ్చుకుంటారు. ఎదుటివాడి భుజాలు నేలకు తగలగానే పట్టు సడలించేస్తారు. మట్టి దంగల్‌లో అక్కడితో అయిపోతుంది. ఫ్రీస్టైల్‌లో కాదు. రెండు భుజాలూ మ్యాట్‌కి ఆని, మనిషి పూర్తిగా మీ అదుపులో ఉన్నట్టు రెఫరీకి కనిపించేంతసేపు ఆపాలి. జడ్జి గానీ మ్యాట్ చైర్మన్ గానీ ఔనంటేనే ఫాల్, అంటే చిత్ చేసి గెలిచినట్టు. వీపు మ్యాట్ వైపు తిప్పి వదిలేస్తే దక్కేది 2 పాయింట్లే.

మొదట నేర్వాల్సింది హాఫ్ నెల్సన్. అతను బోర్లా ఉన్నాడు, మీరు అతని కుడి పక్కనున్నారు. ముందు మీ ఎడమ చెయ్యి పొట్ట కిందుగా పోనిచ్చి అతని ఎడమ మణికట్టు పట్టండి. దాన్ని వదిలేస్తే ఆ చెయ్యి చాపి నేలకు తన్నిపట్టి, తిరగకుండా ఆగిపోతాడు. తర్వాత మీ కుడి చెయ్యి అతని కుడి చంక కిందనుంచి తల వెనక్కి చేరాలి. మెడ మీద పెడితే బలం చాలదు, ఎంత పైన పెడితే అంత సులువు. అరచేత్తో తలను కిందికీ అవతలికీ నొక్కుతూ, భుజాన్ని లేపుతూ, కాలివేళ్ల మీద అతని తల వైపు నడవండి. చేతులతో గుంజేవాళ్లు ఊరికే అలసిపోతారు. తిప్పేది కాళ్లే.

అతను తిరుగుతుండగానే చెయ్యి ఇంకా లోపలికి దూర్చాలి, మోచేతి మడత మెడ వెనక్కొచ్చేదాకా. ఛాతీకి ఛాతీ ఆనించి, అతనికి అడ్డంగా పడుకోండి. మోకాళ్లు ఆన్చొద్దు. కాళ్లు ఎడంగా చాపి, వేళ్లు మ్యాట్‌లో గుచ్చి, నడుము దించితే బరువంతా అతని ఛాతీ మీదికొస్తుంది. బరువు అతన్ని దాటి అవతలికి పోయిందా, ఒక్క బ్రిడ్జితో, అంటే తల, పాదాలు ఆనించి నడుము విల్లులా లేపి, మిమ్మల్నే దొర్లిస్తాడు.

బ్రిడ్జి కడితే ఇంకా గట్టిగా కిందికి నొక్కడం అందరూ చేసే పొరపాటు. బ్రిడ్జి నిలిచేది తల నేలకు ఆనినందువల్ల. మోచేతి మడతతో ఆ తలను మ్యాట్ నుంచి పైకి లేపండి, భుజాలు వాటంతటవే దిగుతాయి. నెమ్మదిగా లేపండి, మెడ మెలితిప్పొద్దు. పిల్లలకు నేర్పేవాళ్లు ఈ మాట రోజూ చెప్పాలి.

అతని మోకాలు తలకు దగ్గరగా వచ్చినప్పుడు క్రేడిల్ అనే పట్టు మేలు. ఒక చెయ్యి మెడ చుట్టూ, ఇంకొకటి మోకాలి వెనక. వేళ్లలో వేళ్లు జొప్పించొద్దు, విరుగుతాయి. అరచేతులు అడ్డంగా కలిపి, బొటనవేళ్లను మిగతా వేళ్ల పక్కనే ఉంచి, మోచేతులు దగ్గరికి బిగించండి.

సాధనలో జోడీని ముందే వెల్లకిలా పడుకోబెట్టి పట్టు వెయ్యండి. 20 సెకన్లు పూర్తి బలంతో తప్పించుకోమనండి. ఆ తర్వాత అవతలి పక్కనుంచి కూడా చెయ్యండి, చాలామందికి ఎడమవైపు పట్టు అసలు నిలవదు.