మల్లెల కాలంలో పత్రం పుష్పం

దేవుడికి పెట్టే పువ్వును ముందు మనం వాసన చూడకూడదంటారు. పూలు కోయడానికి పిల్లల్ని పంపేటప్పుడు పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట అదే: "ముక్కు దగ్గర పెట్టుకోకు, దేవుడికి." మందారంతో ఈ నియమం సులువు, దానికి వాసనే లేదు. బిళ్ళగన్నేరుతోనూ బాధ లేదు. చిక్కంతా ఎండాకాలంలో, మల్లెతో వస్తుంది. బెజవాడలో పగలంతా 42, 43 డిగ్రీలు కాసి, సాయంత్రం గోడలు ఇంకా వేడి కక్కుతుండగా, పెరట్లో మొగ్గలు విచ్చుకోవడం మొదలవుతుంది. ఇక పువ్వును ముక్కు దగ్గర పెట్టుకునే పనే లేదు. వంటింట్లో ఉన్నా, మేడ మీద పక్కలు వేసుకుంటున్నా వాసన వచ్చేస్తుంది. ఊపిరి పీల్చడం మానేస్తే తప్ప నియమం నిలబడదు.

మా వీధిలో ఒక మామ్మగారిని ఈ సంగతే అడిగాను. "అదే వచ్చి తగిలితే తప్పు లేదమ్మా, నువ్వు వెళ్ళి చూస్తేనే తప్పు" అన్నారు. తీర్పు బాగానే ఉంది. కానీ చెట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటే అది ఏ లెక్కలోకి వస్తుందో ఆవిడ చెప్పలేదు. వేసవి నెలల్లో నా సాయంత్రాలన్నీ ఆ కుర్చీలోనే గడుస్తాయి.

పూజ, పువ్వు అనగానే అందరికీ గుర్తొచ్చేది గీతలో తొమ్మిదో అధ్యాయంలోని 26వ శ్లోకం.

పత్రం పుష్పం ఫలం తోయం యో మే భక్త్యా ప్రయచ్ఛతి ।
తదహం భక్త్యుపహృతమశ్నామి ప్రయతాత్మనః ॥

ఆకో, పువ్వో, పండో, నీళ్ళో భక్తితో ఎవరు ఇచ్చినా, శుద్ధమైన మనసుతో తెచ్చిన దాన్ని నేను స్వీకరిస్తాను అంటున్నాడు కృష్ణుడు. చాలామందిమి ఇక్కడే పుస్తకం మూసేస్తాం. ఆ వెంటనే వచ్చే 27వ శ్లోకం సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు. "యత్కరోషి యదశ్నాసి యజ్జుహోషి దదాసి యత్" అని మొదలవుతుంది అది. నువ్వు ఏం చేసినా, ఏం తిన్నా, ఏం హోమం చేసినా, ఏం దానమిచ్చినా, ఏ తపస్సు చేసినా అది నాకు అర్పణగా చెయ్యి అని. ఇచ్చేదే కాదు, మనం తినేది కూడా ఆ లిస్టులో ఉంది. తిన్నది అర్పణ కాగలిగితే, సాయంత్రం పూట చెట్టు దగ్గర కూర్చుని మల్లె వాసనకు మనసు తేలికపడటం ఎందుకు కాకూడదు? దేవుడి వాటాలోంచి మనం దొంగిలించుకున్నట్టు ఎందుకు అనుకోవాలి?

ఇంకా వెనక్కి, ఏడో అధ్యాయానికి వెళ్తే "పుణ్యో గంధః పృథివ్యాం చ" అంటాడు. భూమిలోని పవిత్రమైన వాసన తానేనట. ఎండకు కాలిపోయిన మట్టి మీద సాయంత్రం మొదటి చెంబు నీళ్ళు పోసినప్పుడు గుప్పుమని లేచే వాసన ఉంది చూశారా, ఆ మాట చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. పదో అధ్యాయంలో ఋతువుల్లో పూలు పూయించే వసంతాన్ని నేనే అని కూడా అన్నాడు. ఇన్ని చెప్పినవాడు వాసన చూశామని అలుగుతాడా?

అయినా ఎవరూ ముట్టని పువ్వు మనకు దొరికేదెక్కడ? పొద్దున్న మనం సజ్జ పట్టుకుని వెళ్ళేసరికే తేనెపిట్ట వచ్చి రేకమందారం మొదట్లో ముక్కు గుచ్చి తేనె తాగిపోయి ఉంటుంది. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగులోకి, ఆ తర్వాత ఎరుపులోకి తిరుగుతుంది. రాత్రిపూట అది అంత వాసన చిమ్మేది చీకట్లో తిరిగే రెక్కల పురుగుల కోసం, మన కోసం కాదు. మనం పళ్ళెంలో పెట్టేవి చాలావరకు ఇంకొకరు అప్పటికే ఎంగిలి చేసినవే.

ఎంగిలి అనగానే గోదాదేవిని తలుచుకోవాలి. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడి పని ఏమిటి? పూలతోట పెంచడం, రోజూ స్వామికి మాలలు కట్టడం. ఆ తోటలోనే తులసి వనంలో ఆయనకు గోద దొరికింది. ఆ పిల్ల తండ్రి కట్టిన మాలను ముందు తాను వేసుకుని, బావి నీళ్ళలో చూసుకుని, ఆ తర్వాత బుట్టలో పెట్టేది. ఒకరోజు తండ్రి చూశాడు. అపచారమని కుమిలిపోయి ఇంకో మాల కట్టాడు. స్వామి ఏమో కలలోకి వచ్చి, నాకు ఆ పిల్ల వేసుకున్న మాలే కావాలన్నాడు. ఇప్పటికీ బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాటికి శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళ్ అమ్మవారు, అంటే ఆ గోదే, ధరించిన మాల తిరుమలకు వస్తుంది.

ఆ కథ తెలుగులోకి వచ్చింది కూడా మన కృష్ణ ఒడ్డునే. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో కొన్నాళ్ళు విడిది చేసి, ఘంటసాల దగ్గరున్న శ్రీకాకుళం వెళ్ళి ఆంధ్రమహావిష్ణువును సేవించుకున్నాడు. ఏకాదశి ఉపవాసం ఉన్న ఆ రాత్రి స్వామి కలలో కనబడి, గోదతో తన పెళ్ళి కథ తెలుగులో చెప్పమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో ఆయనే రాసుకున్నాడు. మల్లెల సీజన్‌లో ఆ గుడికి వెళ్ళి రావడం నాకు ఇష్టం.

అలాగని నియమాలన్నీ దండగ అనడం లేదు. తిరుమల కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదే, అక్కడ ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. రామానుజుల మాట మీద అనంతాళ్వార్ అక్కడికి వెళ్ళి స్వామి పూల కోసమే తోట పెంచాడు. అది ఆ కొండ మర్యాద, అక్కడ అలాగే ఉండాలి. ఇంట్లో మర్యాద వేరు. మా కృష్ణా, గుంటూరు వైపు వేసవి సెలవుల్లో ఆడపిల్లలకు మల్లెమొగ్గలతో పూలజడ వేయడం ఉంది కదా. అమ్మమ్మో, అత్తయ్యో మధ్యాహ్నం నుంచి కూర్చుని ఒక్కో మొగ్గా జడకు కుట్టేవారు. కదిలితే మొట్టికాయ పడేది. తర్వాత ఫొటో స్టూడియోకు తీసుకెళ్ళి, జడ కనపడేలా వెనక అద్దం పెట్టించి ఫొటో. బుట్టలోంచి మొదటి గుప్పెడు దేవుడి గూట్లోకి, మిగిలింది పిల్ల జడకు. అంత పూలు పిల్ల తలకెందుకు, దేవుడికి పెట్టొచ్చుగా అని ఏ అమ్మమ్మా అనగా నేను వినలేదు.

మొగ్గల గురించి ఇంకో నియమం ఉంది. విచ్చుకోని మొగ్గలతో పూజ చేయకూడదు, తామరకు, సంపెంగకు మాత్రం మినహాయింపు అంటారు. మల్లెను మొగ్గగానే కోస్తాం కాబట్టి ఇది చాలామందికి సందేహం. మార్కెట్‌కు మైలవరం వైపు తోటల నుంచి వచ్చేవి తెల్లవారుజామున కోసిన మొగ్గలే. ఇంటి చెట్టు ఉన్నవాళ్ళకు దీనికి తేలికైన దారి ఉంది. వేసవి వరకు అసలు పూజను సాయంత్రానికి మార్చుకోవడం. నాలుగున్నర, అయిదుకు కోసి మాల కట్టుకుంటే, దీపం పెట్టి లలితా సహస్రం చదివేలోపు పటం మీదే పువ్వులు విచ్చుకుంటాయి. పొద్దున పూజకు మందారాలు, నందివర్ధనాలు చాలు. ముందురోజు మొగ్గలు తడిబట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు వాడితే నిలవ పువ్వా కాదా అనే ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. మా ఇంట్లో మాత్రం అవి తలలోకే.

ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా ఇంద్రకీలాద్రి మీద వసంత నవరాత్రుల్లో అమ్మవారికి రోజుకో రకం పూలతో అర్చన చేస్తారు. మల్లెలు, గులాబీలు, చామంతులు, కనకాంబరాలు, మరువం, దవనం, ఇలా. అది చూసొచ్చి, ఇంట్లోనూ రోజుకో రకం పెట్టాలని టెన్షన్ పడేవాళ్ళు ఉన్నారు. అక్కర్లేదు. గీత శ్లోకంలో పువ్వు అంటే ఒక పువ్వు. అది లేనివాళ్ళకు ఆకు ఉంది. ఆకు కూడా లేకపోతే నీళ్ళు ఉన్నాయి.

ఆ నీళ్ళ దగ్గర కాస్త ఆగాలి. పత్రం, పుష్పం, ఫలం మూడూ నాలుగోదాని వల్ల వచ్చేవే. వైశాఖంలో నీళ్ళ దానం గొప్పదని చలివేంద్రాలు పెడతాం, శివలింగం మీద ధారాపాత్ర కడతాం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో కుండీలో చెట్టు గతేమిటి? డాబా మీద కుండీలకు పొద్దున్న, సాయంత్రం రెండుసార్లు పోసినా మట్టి మధ్యాహ్నానికి అంచులు వదిలేస్తుంది. పూలు కోసేటప్పుడు కళ్ళు మూసుకుని మంత్రం చదివి, ఆ చెట్టుకు నీళ్ళు పోయడం పనిమనిషికి వదిలేస్తే సగం పూజ ఆవిడ ఖాతాలోకే వెళ్తుందని నా అభిప్రాయం.

మల్లె ఊరికే పూయదు కూడా. అది కొత్త చిగుళ్ళకే మొగ్గ తొడుగుతుంది. చలికాలంలో నీళ్ళు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, ఉన్న ఆకు దూసేయాలి. చూడ్డానికి చెట్టు చచ్చిపోయినట్టే ఉంటుంది, కొత్తవాళ్ళు కంగారు పడతారు. ఆ తర్వాత మొదలు చుట్టూ తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, నీళ్ళు పెడితే చివుళ్ళు వేసి, మార్చి నాటికి మొగ్గలు కనబడతాయి. మాఘంలో ఈ పని చేయకుండా వైశాఖంలో పూయలేదని చెట్టును తిట్టి లాభం లేదు.

ఇక పొద్దున్నే వాకింగ్‌కు వచ్చి, చేతిలో ప్లాస్టిక్ కవరుతో మన గోడ అవతలి కొమ్మలు వంచి కోసుకెళ్ళే భక్తుల గురించి. నందివర్ధనం, గన్నేరు వీళ్ళకే మొదట దొరుకుతాయి, చెట్టు వేసినవాళ్ళకు ఆకులు మిగులుతాయి. శ్లోకం చివర "ప్రయతాత్మనః" అన్న షరతు వాళ్ళ కోసమే పెట్టాడేమో. గేటు కొట్టి "నాలుగు పూలు కోసుకోనా అండీ" అంటే కాదనేవాళ్ళు ఎవరూ ఉండరు. నేనైతే కాఫీ కూడా ఇస్తాను.

చివరిగా నిర్మాల్యం. వాడిన పూలు తొక్కకూడదు, పారే నీళ్ళలో వదలాలని కవర్లలో కట్టి ఏలూరు కాలువలోకి, రైవస్ కాలువలోకి విసురుతుంటారు. కాలువ గట్టు మీద నడిచి చూడండి, పూజ ఎక్కడెక్కడ జరిగిందో ఆ కవర్లే చెబుతాయి. పెరడు ఉన్నవాళ్ళకు ఆ అవసరమే లేదు. దారం తీసేసి, పూలను అవి పూసిన చెట్టు మొదట్లోనే మట్టి కప్పి పెట్టండి, అక్కడ ఎవరూ తొక్కరు. దారం నైలాన్‌దైతే అది మట్టిలో కలవదు, అందుకే ఇంట్లో మాల కట్టేటప్పుడు అరటి నార వాడితే విప్పే పని కూడా తప్పుతుంది.