కాస్టిల్యోనె కౌంటెస్ ముసలితనం రాయడానికి పడ్డ తిప్పలు

వర్జీనియా ఓల్డోయిని మీద నవల రాద్దామని కూర్చున్నప్పుడు సరుక్కి కొదవేం లేదు. 1837లో ఇటలీలో పుట్టింది, చిన్న వయసులోనే కాస్టిల్యోనె ప్రభువుకి (కౌంట్‌కి) భార్యయి, కౌంటెస్ అనిపించుకుంది. ఇటలీ ఏకం కావాలంటే ఫ్రాన్స్ అండ కావాలని, అప్పటి ఇటలీ ముక్కల్లో ఒకటైన సార్డీనియా రాజ్యపు ప్రధాని కవూర్ ఈమెను ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ మీదికి వదిలాడు. చక్రవర్తితో ముచ్చట 1857లోనే తీరిపోయింది. కౌంటెస్ మాత్రం మధ్యలో కొన్నేళ్లు ఇటలీ వెళ్లొచ్చినా చివరికి పారిస్‌లోనే ముసలిదై, 1899 నవంబరులో అక్కడే పోయింది. ఆఖరి కాలంలో ఇంట్లో అద్దాలకు గుడ్డలు కప్పించి, చీకటి పడ్డాకే గడప దాటేదని చెప్పుకుంటారు.

మొదట్లో కలం జోరుగానే నడిచింది. కొన్ని పేజీలయ్యేసరికి "అయ్యో పాపం" తప్ప రాయడానికి ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు కథ పక్కన పెట్టి ఫొటోలు పట్టుకున్నాను. పియెర్సన్ అనే ఫొటోగ్రాఫర్ ఆమెను 1856 నుంచి 1895 దాకా మూడు విడతలుగా నాలుగు వందల పైచిలుకు ఫొటోలు తీశాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వెబ్‌సైట్లో చాలా దొరుకుతాయి. దించుకుని ఏళ్లవారీగా ఫోల్డర్లలో సర్దాను. ఒకదాంట్లో కోలగా ఉన్న ఫొటో ఫ్రేమ్‌ని కంటికి అడ్డం పెట్టుకుని, దాని కన్నంలోంచి ఒంటికన్నుతో మనల్నే చూస్తుంది. ఇంకోదాంట్లో ముఖమే లేదు, ఉత్త కాళ్లు. బట్టలు, భంగిమలు, ప్రింట్ల మీద ఎక్కడ ఏ రంగు వేయాలన్నది, అన్నీ ఆమె చెప్పినట్టే. ఖర్చూ ఆమెదే.

చివరి ఫోల్డరు దగ్గర ఆగిపోయాను. ఒళ్లొచ్చింది, జుట్టు పలచబడింది, అయినా సింగారించుకుని అదే ఫొటోగ్రాఫర్ ముందు నిలబడింది. అద్దం చూడ్డానికి జంకే మనిషి కెమెరా దగ్గరికి తన కాళ్లతో తానే ఎందుకెళ్తుంది? నవల ఈ ప్రశ్న మీద నడవాలని అక్కడే తేల్చుకున్నాను. అద్దాల ముచ్చట నవల్లో ఇరుగుపొరుగు నోట వచ్చే పుకారుగా మాత్రమే మిగిలింది.

కథ చెప్పే గొంతు కోసం మొదట పనిమనిషిని అనుకున్నాను. ఆవిడ మరీ జాలిపడింది. పియెర్సన్ దగ్గర కుదిరింది. నల్లగుడ్డ కింద తల దూర్చి కెమెరా వెనకున్న గరుకు గాజు మీద చూస్తాడు కదా, అందులో ఆమె ఎప్పుడూ తలకిందులుగానే కనిపిస్తుంది! పైగా ఆ రోజుల్లో గాజు ప్లేటు మీద బొమ్మ పడాలంటే సెకన్ల తరబడి బిగుసుకుని నిలబడాలి. అందాన్ని మోయడమంటే ఏమిటో అక్కడ ఒంటితో చూపించొచ్చు, మెడ లాగుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది.

నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. పియెర్సన్ చెప్పే భాగాల్లో "అందం" అన్న మాట రాకూడదు, కలువరేకులు, చంద్రబింబాలు అసలే రాకూడదు. ప్రబంధాలు చదివి పెరిగిన చేతికి ఇది మామూలు శిక్ష కాదు. కొట్టేసినవన్నీ పోగేస్తే ఓ చిన్న శతకం అయ్యేది.

ఆఖరి అధ్యాయంగా చావుని పెట్టలేదు. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో తన ఫొటోలన్నీ పెట్టించాలని ఆమెకో ఆలోచన ఉండేది. ఆ ఏర్పాట్ల గురించి పియెర్సన్‌తో జరిగే కీచులాట, అంతే. అది పూర్తిగా నా కల్పన. రాతప్రతి చదివిన మిత్రుడొకాయన, "మరి మోంతెస్క్యూని ఎందుకు వదిలేశారండీ?" అన్నాడు. ఆమె పోయాక 433 ఫొటోలు పోగేసి, 1913లో ఆమె మీద పుస్తకమే రాసిన ప్రభువు ఆయన. బతికుండగా ఆమెను కలిసిన పాపాన పోలేదు. ఆయన్ని ఈ నవల్లోకి రానిస్తే కౌంటెస్‌ని పక్కకు నెట్టి తనే కూర్చుంటాడు.